తెలుగునకు తంతి లిపి ఎందుకు లేదు?

మాటలను మోర్సు సంకేతంలోకి మార్చడం అతి సులభమైన పని అని విజ్ఞానశాస్త్ర గ్రంథాలన్నీ చెబుతున్నవి. పట్టికను ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క అక్షరానికి ఎదురుగా ఉన్న చుక్కలను, గీతలను వ్రాసుకొంటూ పోతే చాలునట. ఇంగ్లీషు మాటల విషయంలో ఇది నిజమే. తెలుగు మాటకు మాత్రం ఆ పట్టికలో ఎదురుగా ఏమీ లేదు. మన అకారమే అందులో లేదు. ఉన్నది ఇంగ్లీషు 'ఏ'. అందుచేత మనం తెలుగు మాటను ముందుగా ఇంగ్లీషు అక్షరాలలోకి దించి, ఆ వ్రాతను చుక్కలుగా, గీతలుగా మార్చి, తెలుగును మోర్సులోకి మార్చినామని సంతోషిస్తున్నాము. ఎరువు తెచ్చుకొన్న అంగీతో ఫోటో తీయించుకొని అది మన అంగీయే అనుకోవడం వంటిది ఇది. తెలుగునకు తనదైన తంతి లిపి ఒకటి ఏనాడో ఏర్పడవలసి ఉండినదనీ, ఇప్పుడైనా ఏర్పరచుకోవడంలో ఆలస్యం కాలేదనీ నా అభిప్రాయం.

ఈ ఆలోచనకు కారణం మన కళాశాల వైజ్ఞానిక ప్రదర్శనలో భౌతికశాస్త్ర విద్యార్థులు అమర్చిన ఒక చిన్న యంత్రం. బల్లమీద ఒక మీట, ఒక బ్యాటరీ, మ్రోగే గంట ఒకటి, గోడమీద మోర్సు పట్టిక. వచ్చినవారి పేరును మ్రోగించి వినిపించడం అక్కడి వేడుక. వరుసలో నిలబడిన ప్రతివారినీ మీట దగ్గర కూర్చున్న విద్యార్థి అడుగుతున్న మాట ఒక్కటే: "స్పెల్లింగ్ చెప్పండి." పేరులో ఋకారం, ణకారం, ళకారం మూడూ ఉన్న ఒక విద్యార్థిని తన వంతు వచ్చినప్పుడు కాసేపు తటపటాయించి, "సార్, నా పేరు స్పెల్లింగు ఒక్కొక్క సర్టిఫికెట్లో ఒక్కొక్క విధంగా ఉన్నది, ఏది చెప్పమంటారు?" అని నన్ను అడిగినది. అందరూ నవ్వినారు. నాకు ఆ ప్రశ్న నవ్వదగినదిగా తోచలేదు.

అసలు ఈ సంకేతం పుట్టుక చూడండి. అమెరికా చిత్రకారుడు శామ్యూల్ మోర్సు మొదట తలపెట్టినది అక్షరాల సంకేతం కాదు. ప్రతి మాటకూ ఒక సంఖ్య నిర్ణయించి, ఆ సంఖ్యను తీగ మీద పంపి, అవతలివారు నిఘంటువు తెరచి ఆ సంఖ్యకు తగిన మాటను చదువుకోవాలన్నది ఆయన ఊహ. అది సాగే పని కాదని తేలిన తరువాత అక్షరానికొక గుర్తు అనే పద్ధతి వచ్చినది. ఇందులో ఆయన సహచరుడు ఆల్ఫ్రెడ్ వెయిల్ పాత్ర ఎంతో ఉన్నదని చాలమంది చరిత్రకారుల అభిప్రాయం. ఏ అక్షరానికి ఎంత పొట్టి గుర్తు ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వెయిల్ న్యూజెర్సీ రాష్ట్రంలోని మారిస్‌టౌనులో ఒక అచ్చుకూటానికి వెళ్ళి, కంపోజింగు అరలలో ఏ అక్షరం ఎన్ని దిమ్మలు ఉన్నవో చూచి లెక్క వేసుకొన్నాడని చెబుతారు. 'ఇ' అనే ఇంగ్లీషు అక్షరపు అర అన్నిటికంటె నిండుగా ఉన్నది. కనుక దానికి ఒకే ఒక చుక్క. 'టి'కి ఒకే ఒక గీత. 'క్యూ', 'జెడ్' వంటి అరుదైనవాటికి నాలుగేసి గుర్తులు. 1844 మే 24న వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు మొదటి బహిరంగ సందేశం వెళ్ళినది. 1848లో జర్మనీలో గెర్కే అనే ఆయన ఆ సంకేతాన్ని సంస్కరించినాడు. 1865లో పారిస్ సమావేశం దాదాపు ఆ సంస్కరించిన రూపాన్నే అంతర్జాతీయ సంకేతంగా అంగీకరించినది. నేడు మనం చూచే పట్టిక అదే.

ఇందులో నన్ను ఆకర్షించినది తీగ కాదు, విద్యుత్తూ కాదు; ఆ అచ్చుకూటపు అర. ఒక భాషకు సంకేతం కట్టేవాడు ఆ భాష అక్షరాలను ముందుగా లెక్కపెట్టినాడు. మన అక్షరాలను ఎవరూ లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టకపోవడం వలన ఏమయినదో చూడాలంటే కొంచెం గణితం తప్పదు. మోర్సులో చుక్క కాలం ఒకటి అనుకొంటే గీత కాలం మూడు. ఒక అక్షరంలోని గుర్తుల నడుమ విరామం ఒకటి, అక్షరాల నడుమ మూడు, మాటల నడుమ ఏడు. ఈ లెక్కన ఇంగ్లీషు 'ఇ' ఒక్క కాలంలో ముగుస్తుంది. 'యు' అనే అక్షరానికి, రెండు చుక్కలు ఒక గీత కనుక, ఏడు కాలాలు కావాలి. మన భాష అజంతం కదా! రాముడు, పుస్తకము, నీరు, ఊరు, పేరు — ఉకారంతో ముగిసే మాట లేకుండా తెలుగులో నాలుగు వాక్యాలు నడవవు. ఇంగ్లీషువారికి అతి చౌకగా ఉన్న చోట మనకు ఏడురెట్లు పన్ను. 'గారు' అనే గౌరవవాచకానికి ముప్పది ఏడు కాలాలు. 'అయ్యా' అని పిలవడానికి నలుబది అయిదు. అదే 'సర్' అనడానికి ఇరువది ఒకటి. అయితే అన్నీ మనకు నష్టమే అనడం న్యాయం కాదు. 'అమ్మ' అనే మాట ముప్పది మూడు కాలాలలో ముగుస్తుండగా ఇంగ్లీషువారి 'మదర్' ఏబది ఒక్క కాలాలు తీసుకొంటున్నది. అమ్మను పిలవడంలో మనమే ముందున్నాము. ఈ కాలవ్యయాన్ని నేను పెద్ద నేరంగా పరిగణించడం లేదు. ఒకటి రెండు క్షణాల తేడాకు ఎవరి కొంపా మునగదు.

కొంప మునిగేది వేరొకచోట. ఇంగ్లీషు అక్షరాలలోకి దించినప్పుడు తెలుగు మాట తన పోలికలే కోల్పోతుంది. త-ట, ద-డ, న-ణ, ల-ళ ఒక్కటైపోతవి. హ్రస్వదీర్ఘాలు కలిసిపోతవి. 'కె, ఏ, ఎల్, ఎల్, యు' అని తీగమీద వచ్చినదనుకోండి: అది కల్లా, కళ్ళా, కాళ్ళా? "తాతకు కళ్ళు పోయినవి" అని కొడుకు పంపిన కబురును కూతురు "కాళ్ళు పోయినవి" అని చదువుకోవచ్చు. మూడవ అర్థంలో చదువుకొంటే తాతకు ఒలికిపోయిన కల్లు కోసం ఏడ్చేవారు ఎవరూ ఉండరు. 'మందు' పంపుమన్నదీ 'మండు' అన్నదీ ఒకే తీరుగా మ్రోగుతవి. పది, పడి, పాడి మూడూ ఒకటే. ఉర్దూ మిత్రులు తమ బాధ తక్కువదనుకోనక్కరలేదు. ఎల్లప్పుడూ అనే అర్థం గల 'సదా', పిలుపు అనే అర్థం గల 'సదా', నిరాడంబరమనే 'సాదా' మూడూ ఇంగ్లీషు వ్రాతలో కలిసిపోతవి. హృదయం అనే అర్థం గల 'ఖల్బ్' పెద్ద కాఫ్‌తో మొదలవుతుంది; చిన్న కాఫ్‌తో వ్రాస్తే అది కుక్క. ఇటువంటి పొరపాటుతో ప్రేమలేఖ పంపినవాని గతి ఏమిటో మా ఉర్దూ విభాగంవారే చెప్పాలి!

భాషకు ఇంత అన్యాయం జరుగుతూ ఉంటే మనవారు గమనించలేదా అంటే, గమనించే అవసరమే రాకుండా పోయినది. ఎందుకంటే తంతిలో తెలుగు పంపడమే అరుదు. మన దేశంలో 1850లో కలకత్తా–డైమండ్ హార్బరు నడుమ తంతి మార్గం వేయించినది ఈస్టిండియా కంపెనీ. అది పాలనకోసం, సైన్యంకోసం, వ్యాపారంకోసం వచ్చినది. దాని భాష ఇంగ్లీషు. తరువాత ప్రజలకు అందుబాటులోకి వచ్చినా భాష మారలేదు. పల్లెకు తంతి వచ్చినదంటే చదివే దిక్కు బడిపంతులో, పోస్టుమాస్టరో. చదవకముందే ఇంట్లో ఆడవారు శోకాలు మొదలుపెట్టేవారని మా దాదీమా చెప్పేది. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అనే నాలుగు ఇంగ్లీషు మాటలు అక్షరం ముక్క రానివారికి కూడ అర్థమయ్యేవి. ఒక పరాయి భాషలో మన జాతి నేర్చిన మొదటి వాక్యం చావుకబురు కావడం ఎంత విచిత్రం!

మంచి కబురుకూ అదే గతి. తంతి శాఖవారు శుభాకాంక్షల వాక్యాలకు సంఖ్యలు ఏర్పాటు చేసినారు. ఒకటి దీపావళి శుభాకాంక్షలు, రెండు ఈద్ ముబారక్, ఎనిమిది నూతన దంపతులకు దీర్ఘ సుఖ దాంపత్యం కోరే వాక్యం. పంపేవారు సంఖ్య చెబితే చాలు, తీగ మీద ఆ సంఖ్య మాత్రమే వెళ్ళేది. అవతలి ఆఫీసులో వాక్యం వ్రాసి ఇచ్చేవారు. మోర్సు వదిలివేసిన తొలి ఊహ మన తపాలా ఆఫీసులో ఆ విధంగా బ్రతికి ఉన్నదన్నమాట. మా ఇంటి ట్రంకు పెట్టెలో మా అమ్మానాన్నల నికాహ్ నాటి తంతి కాగితం ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉన్నది. అందులోనిది ఎనిమిదవ వాక్యమే. పంపిన మామూజాన్‌కు ఇంగ్లీషు రాదు. అందుకొన్న మా అమ్మకూ రాదు. ఇద్దరికీ చక్కగా వచ్చిన భాషలు రెండున్నవి, ఉర్దూ ఒకటి, తెలుగు ఒకటి. ఆ రెండింటినీ ఇంటనే వదిలి ఆశీర్వాదం మూడవ భాషలో ప్రయాణం చేసి వచ్చినది.

ఇది తంతికి సహజమైన పరిమితి అనుకొంటే పొరపాటు. ఇతర జాతులు ఏమి చేసినవో చూడండి. అంతర్జాతీయ పట్టికలోనివి లాటిన్ అక్షరాలే అయినా రష్యావారు తమ అక్షరాలకు, గ్రీకులు తమ వాటికి, హీబ్రూవారు తమ వాటికి పట్టికలు కట్టుకొన్నారు. తుర్కులు పందొమ్మిదవ శతాబ్దంలోనే, అప్పుడు అరబీ లిపిలో వ్రాస్తూ ఉండిన తమ భాషను తీగకెక్కించినారు. అరబీ పట్టికలో అలిఫ్‌కు చుక్క–గీత, బేకు గీత–మూడు చుక్కలు, మీమ్‌కు రెండు గీతలు. అంటే ధ్వని కలిసినచోట లాటిన్ గుర్తునే ఉంచుకొని, కలవనిచోట తమకు కావలసినది తాము చేసుకొన్నారు. చీనావారి కష్టం మరీ పెద్దది. వేలకొలది అక్షరాలు. వారు ఒక్కొక్క అక్షరానికి నాలుగంకెల సంఖ్య ఇచ్చి పుస్తకం అచ్చువేసినారు. తంతి గుమాస్తా ఆ సంఖ్యలనే మ్రోగించేవాడు. అది కష్టసాధ్యమే కాని, వారు మాత్రం చీనా అక్షరాన్నే పంపుతున్నారు.

నాకు అందరికంటె జపానువారి పద్ధతి నచ్చినది. వారి కానా అక్షరాలు మన గుణింతపు అక్షరాల వంటివి, ఒక్కొక్కటి ఒక అచ్చుతో కూడిన హల్లు. వాటికి నేరుగా గుర్తులు ఇచ్చుకొన్నారు. 'క'ను 'గ'గా మార్చడానికి వారి వ్రాతలో ఒక చిన్న చిహ్నం ఉన్నది. మోర్సులో కూడ ఆ చిహ్నానికి విడిగా రెండు చుక్కలు ఇచ్చినారు. 'గ'కు వేరే గుర్తు అక్కరలేకుండా పోయినది. ఎంత పొదుపరితనం! మన దేశంలోనూ స్వాతంత్ర్యం వచ్చిన రెండేండ్లకు, 1949లో, దేవనాగరిలో తంతి పంపే ఏర్పాటు వచ్చినది. నాగరికి సాధ్యమైనది తెలుగునకు అసాధ్యమని ఎవరూ అనలేరు. కావలసినది పట్టుదల, మనకు అది ఇటువంటి విషయాలలో కొంత తక్కువ.

పైగా ఈ విద్య మనకు కొత్తది కూడ కాదు. మోర్సు పట్టికను మొదటిసారి శ్రద్ధగా చూచినప్పుడు నాకు తోచినది యమాతారాజభానస. చుక్కను లఘువు అనుకోండి, గీతను గురువు అనుకోండి. మూడు గుర్తుల అక్షరాలు మోర్సులో సరిగ్గా ఎనిమిది. మన గణాలు ఎనిమిది. 'ఎస్' న-గణం, 'ఓ' మ-గణం, 'ఆర్' జ-గణం, 'కె' ర-గణం, 'డి' భ-గణం, 'యు' స-గణం, 'డబ్ల్యు' య-గణం, 'జి' త-గణం. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మునిగిపోయే ఓడ పంపే 'ఎస్ ఓ ఎస్', 1906లో బెర్లిన్ సమావేశం నిర్ణయించిన ఆ ప్రసిద్ధ సంకేతం, మన లెక్కలో న–మ–న. తేటగీతి, ఆటవెలదులలో వచ్చే ఇంద్రగణాలు ఆరూ మోర్సులో ఆరు అక్షరాలే. ఉర్దూ ఛందస్సు తెలిసినవారికి ఫఊలున్ అంటే లఘువు, గురువు, గురువు. అది మన య-గణం, మోర్సువారి 'డబ్ల్యు'. ఫాఇలున్ మన ర-గణం, వారి 'కె'. రెండే రెండు మాత్రాభేదాలతో ఎన్ని వరుసలు కట్టవచ్చునో పింగళుడు ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం పేరిట ఏనాడో చూపినాడు. గురువు మనకు రెండు మాత్రలు, మోర్సు గీత మూడు కాలాలు. ఈ తేడాను ఒప్పుకొంటాను. కాని ఆరితేరిన తంతి గుమాస్తా చుక్కలు, గీతలు లెక్కపెట్టడు, లయను వింటాడు. పద్యం చదవగానే గణాలు విడదీయకుండానే ఉత్పలమాల అని చెప్పేవాడు చేసేది ఇదే కదా. తెలుగులో తంతి అన్నా ఉర్దూలో తార్ అన్నా తీగయే. వీణకున్నదీ, సితారుకున్నదీ అదే. చెవితో నేర్వవలసిన విద్యకు తగిన పేరే పెట్టినారు మనవారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడ. చచ్చిపోయిన విద్యకు ఇప్పుడు లిపి కట్టి ఏమి ప్రయోజనం? సముద్రంమీద ఓడలు ఆపద సంకేతాలకు మోర్సును 1999లో విడిచిపెట్టినవి. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. పెళ్ళికొడుకు చచ్చిన తరువాత లగ్నం పెట్టించినట్లున్నది మీ వాదం అని ఒక సహోద్యోగి నాతో అన్నారు.

తంతి శాఖ ముగిసినది నిజం, మోర్సు ముగియలేదు. విమానాలకు దారి చూపే రేడియో స్తంభాలు తమ పేరును నేటికీ మోర్సులో మ్రోగిస్తూ ఉంటవి. అమెచ్యూర్ రేడియోవారు ప్రపంచమంతటా దీనిని సజీవంగా ఉంచినారు. మన హైదరాబాదులోనే వారి జాతీయ సంస్థ 1983 నుండి ఉన్నది. మాటగా పంపితే వినబడని బలహీనమైన రేడియో తరంగం కూడ చుక్కగా, గీతగా పంపితే వినబడుతుంది. వారు దీనిని వదలకపోవడానికి అది ఒక కారణం. మరొక ఉదాహరణ మరువరానిది. 1966లో ఉత్తర వియత్నాంలో బందీగా ఉన్న జెరెమయా డెంటన్ అనే అమెరికా నౌకాదళాధికారిని టెలివిజన్ ఎదుట కూర్చోబెట్టి మాట్లాడించినారు. నోటితో వారు అడిగినవాటికి సమాధానం చెబుతూనే ఆయన కనురెప్పలను పొడవుగా, పొట్టిగా ఆడించి 'చిత్రహింస' అనే అర్థం గల ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరం ప్రపంచానికి చెప్పినాడు. తీగ లేదు, విద్యుత్తు లేదు, యంత్రం లేదు. రెప్ప ఉంటే చాలినది.

ఈ రెప్ప దగ్గరనే నా వాదం నిలబడి ఉన్నది. పక్షవాతంతోనో, పుట్టుకతో వచ్చిన కండరాల లోపంతోనో మాట పడిపోయి, చేతులు స్వాధీనంలో లేక, ఒక్క వేలు లేదా ఒక్క రెప్ప మాత్రమే కదిలించగలవారు ఉన్నారు. అటువంటివారికి రెండు గుర్తులతో ఏ మాటనైనా చెప్పనిచ్చే విద్య మోర్సు. 2018లో గూగుల్ సంస్థ తన ఫోను మీటల పలకలో మోర్సును చేర్చినది ఇటువంటివారిని దృష్టిలో పెట్టుకొనే. అది ఇంగ్లీషు అక్షరాలతో మొదలయినది. మన ఊళ్ళో అటువంటి బిడ్డ ఒకరు ఉన్నారనుకోండి. బడికి పోలేదు, ఇంగ్లీషు అక్షరాలు తెలియవు, ఇంట్లో విన్నది తెలుగు ఒక్కటే. ఆ బిడ్డ 'దాహం' అని చెప్పాలి. ముందు ఇంగ్లీషు అక్షరమాల నేర్చుకో, తరువాత నీ దాహాన్ని ఆ అక్షరాలలో వ్రాసుకో, అప్పుడు మీట నొక్కు అని మనం చెప్పవలసి వస్తున్నది. ఆరోగ్యవంతులమైన మనకు ఇది భాషాభిమానపు ప్రశ్న కావచ్చు. ఆ బిడ్డకు ఇది నీళ్ళ ప్రశ్న.

ఇంకొక మాట. తంతి దగ్గర చేసిన పొరపాటును మనం ఫోను దగ్గర మళ్ళీ చేసినాము. ఫోనులో పంపే చిన్న సందేశం ఇంగ్లీషులోనైతే 160 అక్షరాలు. ఒక్క తెలుగు అక్షరం చేరినా హద్దు 70కి పడిపోతుంది. మనకు రెండక్షరాల మాట అయిన 'లక్ష్మి'కి యంత్రం ఏడు స్థానాలు లెక్కిస్తుంది. ఇంగ్లీషులో వ్రాసినా ఏడే, కాని అక్కడ నూటయరువదిలో ఏడు, ఇక్కడ డెబ్బదిలో ఏడు. ఫలితం నా తరగతిలో కనబడుతున్నది. తెలుగులో మాట్లాడుకొనే పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొంటున్నారు. అటువంటి వ్రాతను పరీక్షపత్రంలో కూడ ఒకసారి చూచినాను. వారిని కోప్పడి లాభం లేదు. హద్దు వేసినప్పుడు మనం అక్కడ లేము.

కనుక నేను కోరేది ఏమిటంటే, తెలుగు మోర్సు పట్టికను ఒక విద్యార్థి బృందం తయారు చేయాలి. దానికి పెద్ద సాధన సంపత్తి అక్కరలేదు. వెయిల్ అచ్చుకూటపు అరలు చూచినాడు. మన విద్యార్థులు ఈ సంచికలోని తెలుగు పుటలే ముందు పెట్టుకొని ఏ హల్లు ఎన్నిసార్లు, ఏ అచ్చు ఎన్నిసార్లు వచ్చినదో గీతలు గీసి లెక్కించవచ్చు. కొంత లెక్క నేనే వేసి చూచినాను. ఒకటి నుండి నాలుగు గుర్తుల వరకు కట్టగల వరుసలు ముప్పది మాత్రమే. మన వర్ణమాల అందులో పట్టదు, అందుకే ఇది సాధ్యం కాదని పెదవి విరిచేవారున్నారు. జపానువారి ఉపాయం పట్టితే దాదాపు పట్టుతుంది. ఖ, ఘ, ఛ, ఝ మొదలైన మహాప్రాణాలు పదింటికి వేర్వేరు గుర్తులు మాని, అల్పప్రాణం తరువాత ఒకే 'మహాప్రాణ చిహ్నం' పెట్టాలి. ఆ, ఈ, ఊ, ఏ, ఓలకు మాని ఒకే 'దీర్ఘ చిహ్నం' పెట్టాలి. అప్పుడు అచ్చులు ఎనిమిది, హల్లులు ఇరువది రెండు, ఈ రెండు చిహ్నాలు, సున్న, విసర్గ, పొల్లు — మొత్తం ముప్పది అయిదు. ఋ, ఐ, ఔ, విసర్గ, మరొక అరుదైన అక్షరం అయిదు గుర్తుల వరుసలోకి వెళ్ళితే మిగిలినవన్నీ నాలుగింటిలోపల సర్దుకొంటవి. హల్లులోని అకారానికి గుర్తే అక్కరలేదు. అది మన లిపి మనకిచ్చిన ఉచితం.

గుణింతం ఎట్లా అని అడుగుతారు. హల్లు గుర్తు, వెంటనే అచ్చు గుర్తు. 'క' తరువాత 'ఇ' వస్తే అది 'కి'. 'క' అనే అక్షరం పక్కన విడిగా 'ఇ' ఉన్నదని ఎందుకు అనుకోరాదు అంటే, ఒక మాటలో రెండచ్చులు పక్కపక్కన నిలవడం తెలుగునకు సరిపడదు కనుక. అటువంటి చోట సంధి జరుగుతుంది, లేదా యడాగమం వస్తుంది. ఇంగ్లీషు నుండి వచ్చిన ఏవో కొన్ని మాటలు తప్ప ఈ సూత్రానికి భంగం లేదు. పరీక్షకోసం తప్ప మరెందుకూ పనికిరాదని మన విద్యార్థులు విసుక్కొనే యడాగమ సూత్రం ఇక్కడ తంతి గుమాస్తాకు కాపలాదారు అవుతున్నది! 'అమ్మ' అంటే అ, మ, పొల్లు, మ. అంతే. కళ్ళకు ళకారం ఉంటుంది, కాళ్ళకు దీర్ఘం ఉంటుంది, కల్లు దానిపాటికి అది ఉంటుంది. ఒకే చుక్క ఎవరికి దక్కాలన్నది మాత్రం లెక్క తేలిన తరువాతనే చెప్పాలి. ఉకారానికి దక్కుతుందని నా ఊహ. పొల్లు పోటీకి రావచ్చు.

ఉర్దూ విభాగంవారి పని మాకంటె తేలిక. అరబీ పట్టిక సిద్ధంగా ఉన్నది. అందులో లేని పే, చే, గాఫ్‌లు ఫారసీవారి పట్టికలో దొరుకుతవి. ఆ రెండింటిలోనూ దొరకనివి టే, డాల్, డే. వీటిలో మొదటి రెండు మన ట, డలే. ఆ ధ్వనులు రెండు భాషలకూ ఈ నేలమీదనే ఉమ్మడిగా అబ్బినవి. అందుచేత రెండు విభాగాలవారూ ఒక పూట కూర్చుని, టకు ఒక సంకేతం, డకు ఒక సంకేతం ఎంచి, వాటిని తెలుగు పట్టికలోను, ఉర్దూ పట్టికలోను ఒకటిగానే ఉంచవలెనని నా ప్రతిపాదన. మూడవదైన డేకు తెలుగులో సరియైన అక్షరం లేదు; దానిని ఉర్దూవారే తమ ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చు.